సోమవారం జ్వరం

ఆ సోమవారం మాపటేళ సాయన్న పళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు జల్లెడ దగ్గర కూర్చున్న బస్వమ్మకు వినిపించింది. ఎదురుగా బట్టిలో జింకు మరుగుతోంది. దాని ముందు నిలబడ్డ మనిషికి చలి! "అక్కా, నాతోని కాదే" అన్నాడు తమ్ముడు. అంతలో గుత్తేదారు రామ్‌కిషన్ వచ్చి సాయన్న నడుం మీద తన్నాడు.

"నిన్న సెలవు గావాలంటివి గద! ఝరాసంగం గుడి తిరిగొస్తివి గద! అనుభవించు. పట్టు గరిటె!"

వణికే చేతిలో గరిటె నిలుస్తుందా? మరిగిన జింకు ఒంటి మీద ఒలికింది. బస్వమ్మ ఉరికొచ్చి తమ్ముణ్ణి లాగితే తోలు ఊడి ఆమె చేతికొచ్చింది. కంపెనీ జీపు వాకిట్లోనే ఉంది. "సీట్లు ఖరాబైతయ్" అన్నాడు రామ్‌కిషన్. తోపుడుబండి మీద వేసుకుని నెట్టుకుంటూ పోయారు. దవాఖాన ఇంకా కనబడకముందే సాయన్న పోయాడు.

చిరాగ్‌పల్లి రోడ్డు మీది ఆ కంపెనీలో జింకును కాల్చి, ఆ పొగను గుడ్డ సంచుల్లో పట్టి తెల్లపొడి చేస్తారు. దానికి రాగి కలిపి బిళ్ళలు కొడతారు. అవి లారీలెక్కి పెద్ద కార్ఖానాలకు పోతాయి. అక్కడ ఆ బిళ్ళల మీదుగా పోయిన గ్యాసు స్పిరిట్టుగా మారుతుంది, బిళ్ళ మాత్రం కరగదు, అరగదు. ఈ ముచ్చట చెప్పడమంటే సేటు మదన్‌మోహన్‌కు మహా ఇష్టం. "మీరు గూడ బిళ్ళ తీరుగుండాలె. ఎంత పని జేసినా అరగొద్దు" అనేవాడు. అరిగేదెవరో ఆయనకు తెలియదా? బాగా తెలుసు!

సంచులు చిరిగి నాలుగేళ్ళయింది. మార్చాలంటే బట్టి ఆపాలి. అందుకే మార్చలేదు. షెడ్డంతా తెల్లపొగ. రోజూ పీల్చేవాళ్ళకు ఒళ్ళు అలవాటు పడుతుంది. ఒక్కరోజు ఇంటి దగ్గరుండి వస్తే మాత్రం మాపటికల్లా చలిజ్వరం. జనం ఏమనుకున్నారు? సెలవే జ్వరం తెస్తుందనుకున్నారు! తామే సేటు దగ్గరికి పోయి, ఆదివారం సెలవు మాకొద్దని చెప్పి వచ్చారు. అయ్యో, తమ సంకెళ్ళు తామే మోసుకెళ్ళి ఇచ్చారు కదా! సేటు ఆ రోజు అందరికీ లడ్డూలు పంచాడు. బస్వమ్మ కూడా ఒకటి తిన్నది.

మంగళవారం శవాన్ని కంపెనీ గేటు ముందు పెట్టారు. రామ్‌కిషన్ కాగితం పట్టుకొచ్చాడు. సాయన్న సెలవు పోయి జ్వరం తెచ్చుకుని పడ్డాడు, కంపెనీ తప్పేమీ లేదు అని రాసుంది.

"అంగూఠ పెట్టు" అని వేలిముద్ర వెయ్యాల్సిన చోటు చూపించాడు.

"పెట్ట" అన్నది బస్వమ్మ.

బట్టి మీద అందరికంటే పెద్ద ఈరయ్య తల పట్టుకుని కూర్చున్నాడు. "నేను జెప్పిన బిడ్డా, సెలవు పోవద్దని. పోరడు ఇనలే."

చచ్చినవాడి మీదే నేరమా! బస్వమ్మ ఏడుస్తూనే లేచి నిలబడింది.

"ఈరయ్య మామా, ఎండకాలంల కరెంటు లేక పది దినాలు బట్టి బందున్నది, యాదికున్నదా?"

"ఉన్నది."

"అవి పది సెలవులు గాదా? ఇంట్ల గూసున్న పది దినాలల్ల ఎవ్వరికన్న చలి పెట్టిందా?"

"పెట్టలే" అన్నది నర్సమ్మ. బిళ్ళలు కొట్టే మిషను ఆమెది. "బట్టి ముట్టిచ్చిన నాడు మాపటికి అందరం పడ్డం."

"మరి జ్వరం సెలవుల ఉన్నదా, పొగల ఉన్నదా?"

ఈరయ్య మెల్లగా లేచాడు. రామ్‌కిషన్ చేతిలోని కాగితం గుంజి రెండు ముక్కలు చేశాడు. "సెలవొద్దని నా నోటితోని నేనే జెప్పి చంపుకున్న కదరా సాయన్నా!" అని గుండెలు బాదుకున్నాడు. "సంచులు మార్చాలె! ఆదివారం మాది!" అని నర్సమ్మ అరిస్తే మూడు వందల గొంతులు అందుకున్నాయి.

రామ్‌కిషన్ మనుషులు ఇనుప రాడ్లతో గేటు దాటొచ్చారు. మొదటి దెబ్బకు ఈరయ్య తల పగిలింది. ఆడోళ్ళు కంకర రాళ్ళందుకున్నారు. రామ్‌కిషన్ పళ్ళు రాలాయి. పోలీసు వ్యాన్లు వచ్చాయి. లాఠీలు ఎవరి మీద పడ్డాయో చెప్పాలా? శవం దగ్గర ఉన్నవాళ్ళనూ వదల్లేదు. బస్వమ్మ కుడిచెయ్యి విరిచి, జుట్టు పట్టి వ్యాన్లోకి ఈడ్చారు.

ఐదు రోజులు ఠాణాలోనే ఉంచారు. ఏ రిజిస్టరులోనూ ఆమె పేరు లేదు. రోజూ కొట్టేవారు, రోజూ అదే కాగితం కొత్తగా రాసి తెచ్చేవారు. "చెయ్యి ఇరిగింది సారూ, అంగూఠ లేస్తలేదు" అని వెక్కిరించేది. వాళ్ళు ఎడమచెయ్యి పట్టుకుంటే పిడికిలి విప్పేది కాదు. అంత ధైర్యంలోనూ భయం ఒక్కటే: పోలీసు కాపలా పెట్టి బట్టి మళ్ళీ నడిపిస్తున్నారు, ఆదివారం కూడా రానివాళ్ళను పనిలోంచి తీసేస్తానని సేటు డప్పు కొట్టించాడట. పోతారా? మళ్ళీ వంగిపోతారా? తమ్ముడి చావు ఉత్తదే అవుతుందా?

ఆదివారం పొద్దున కంపెనీ సైరన్ మోగింది. బస్వమ్మ కిటికీ ఊచలు పట్టుకుని లేచింది. సైరన్ రెండోసారి మోగింది. మూడోసారి మోగింది. రోజూ ఆ దిక్కున లేచే తెల్లపొగ లేదు. ఆకాశం నీలంగా ఉంది.

ఇంతలో బయట కాళ్ళ చప్పుడు. మూడు వందల మంది ఠాణా ముందుకొచ్చి రోడ్డు మీద కూర్చున్నారు. ముందు ఈరయ్య ఉన్నాడు, తలకు రక్తం కారే కట్టుతో.

ఇన్‌స్పెక్టర్ లాఠీ ఊపుతూ బయటికి పోయాడు. "పనికి పోకుంట ఈడికెందుకొచ్చిన్రు? ఏం గావాలె?"

"మా బస్వమ్మ గావాలె" అన్నాడు ఈరయ్య. "ఇడవకుంటే మమ్ముల గూడ లోపలెయ్. ఫికర్ లేదు సారూ, ఇయ్యాల మాకు సెలవు."