ఎండాకాలపు ఫొటో

ఏసీ నీళ్ళు గదిలో ఇంకెక్కడా పడవు, సరిగ్గా ఆయన కుర్చీ మీదే పడతాయి. ఏడు అర్జీలు పెట్టాడు. ఏడోదానికి జవాబుగా బకెట్టు వచ్చింది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని పనిచేయడం అలవాటు చేసుకున్నాడు. అందుకే ఆఫీసులో ఆయన్ని సర్దుబాటు మావయ్య అంటారు.

శాటిలైట్ ఫొటోలు చూసి కంప్యూటర్ మ్యాపులో నేలకి రంగులెయ్యడం ఆయన పని. అడవికి పచ్చ, నీళ్ళకి నీలం, బంజరుకి గోధుమ. వానాకాలం ఫొటోలకి మబ్బులడ్డం. అందుకని ఆ గదిలో ఆరుగురూ ఎప్పుడూ ఎండాకాలం ఫొటోలే వాడతారు. పని సుఖం. ఆ సుఖంలోనే ఊరవతల తుంగమడుగు ఎండిపోయి కనిపించింది. "గోధుమ కొట్టెయ్" అన్నాడు ఆఫీసరు. మావయ్య కొట్టేశాడు. టీ చల్లారేలోపు, ఆ మడుగులో తుంగ కోసుకుని బతికే అరవై కుటుంబాల బతుకు బంజరైంది.

వానలు వెలిశాక, మ్యాపులో బంజరే కదా అని గోడౌన్లు కట్టే కాంట్రాక్టరు మడుగులో మట్టి లారీలు దించాడు. మర్నాడే తుంగ కోసేవాళ్ళు ఆఫీసు మెట్లెక్కి వచ్చారు. మోకాళ్ళ దాకా బురద. ముందు ఓ ముసలావిడ, చేతిలో కొడవలి.

"మా మడుగు బంజరని గీసిందెవడ్రా?"

"మనుషులు కాదమ్మా, శాటిలైటు. అది అబద్ధమాడదు," అన్నాడు ఆఫీసరు.

"ఓహో! మరి ఈ బురద మాకు ఆకాశంలో అంటిందా? ఎప్పుడు తీసిందయ్యా ఫొటో?"

టైమెంతని అడిగితే చెప్పినట్టు మావయ్య నోరు జారాడు. "ఎండాకాలంలోనండి."

"ఎండాకాలం మా మడుగు పడుకుంటుంది నాయనా! పడుకున్నోణ్ణి చూసి పాడె కడతారా? వానలయ్యాక తీసింది లేదూ?"

"ఉందండి. మొన్ననే వచ్చింది."

"తియ్యి."

తీశాడు. ధైర్యమేం కాదు. ఎవరు ఏది తియ్యమన్నా తియ్యడం ఇరవయ్యేళ్ళ అలవాటు. తెరంతా నీళ్ళు. "అదిగో నా పడవ!" అని ఒకడు గోరంత మచ్చ మీద వేలు పెట్టాడు. జనం హోరుమన్నారు. మావయ్యకి మాత్రం ఏమీ అనిపించలేదు. తిమ్మిరెక్కిన కాలుని ఎవరిదో అన్నట్టు చూసుకుంటామే, అలా చూస్తూ కూర్చున్నాడు.

పోలీసులొచ్చి, కొడవలి సాకుతో ముసలావిడని పట్టుకుపోయారు.

"మన ఇల్లు మ్యాపులో సరిగ్గానే ఉంది కదండీ? మరింకేం!" అంది ఆ సాయంత్రం, ఇదంతా విన్న మావయ్య ఇంటావిడ.

మర్నాడు ఆఫీసరు కాగితం తెచ్చాడు. కొత్త ఫొటో చెల్లదు, మడుగు బంజరే అని రాసుంది. ఆరుగురూ సంతకం చేస్తే మ్యాపుకి తాళం పడుతుంది, ఇక మార్చడం ఉండదు. కింద గేటు ముందు రెండొందలమంది అరుస్తున్నారు. "పెద్దమ్మని వదలండి! మడుగుని వదలండి!"

"ముందు మీరు పెట్టండి. మీరైతే సర్దుకుంటారు," అన్నాడు ఆఫీసరు.

మావయ్య కాగితాన్ని వెనక్కి తోశాడు. "రంగు తప్పు వేశాను సార్. దీని మీద సంతకం పెట్టను," అన్నాడు, సెలవు చీటీ ఇచ్చినంత చప్పగా.

"మావయ్యే సర్దుకోలేంది మేమేం సర్దుకుంటాం సార్?" అంది పక్క సీటమ్మాయి. ఆరు టేబుళ్ళూ తిరిగి కాగితం ఖాళీగానే వచ్చింది.

ఆరుగురూ దిగి గేటు ముందు కూర్చున్నారు. తుంగ కోసేవాళ్ళు జరిగి చోటిచ్చారు. పోలీసు జీపులొచ్చాయి.

ఇంతవరకూ కథ బాగానే ఉంది. జీపెక్కేముందు మావయ్యని ఒక్క ఫోను చేసుకోమన్నారు. ఇంటావిడ ఎత్తి, "ఎన్నింటికొస్తారు?" అంది. ఆయన ఇంకా బిక్కమొహంతో ఫోను పట్టుకునే ఉన్నాడు. రెండొందలమందీ జీపుకి అడ్డంగా పడుకున్నారు కాబట్టి కాస్త టైముంది. అయ్యా, అమ్మా, మీ కాళ్ళు పట్టుకుంటా, ఆయన ఆవిడకి ఏం చెప్పాలో ఈ కథ చెప్పే నాకూ తోచడం లేదు, మీరైనా చెప్పండి.