నాకంటే ముందే లేచే మనిషి

పుస్తకాలకు అట్టలు వేసే ఆ షాపు వెనక గదిలో ఆదివారం నాడు మిషన్లు నోరు మూస్తాయి, మనుషులు నోరు తెరుస్తారు. కాగితం కోసే మిషను మీద గుడ్డ కప్పి, జిగురు డబ్బాలు గోడవారకు జరిపి, అట్టల కట్టలనే పీటలుగా వేసి అక్క అందరినీ కూర్చోబెడుతుంది. వచ్చేవాళ్ళంతా లోపల ఒకరిని పెట్టుకున్నవాళ్ళే. కొడుకో, మొగుడో, తోడబుట్టినవాడో. లోపల అంటే ఎక్కడో ఆ గదిలో ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

అక్క నిజానికి ఒక్కడికే అక్క. ఇప్పుడు ఆమెకంటే ఇరవై ఏళ్ళు పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలుస్తారు. జైలు గేటు కాపలావాళ్ళు అర్జీల అక్క అంటారు. అందులో గౌరవం పాలు ఎంతో, వెటకారం పాలు ఎంతో ఆమె ఎప్పుడూ తేల్చుకోలేదు. మిగతా ఆరు రోజులూ ఆ షాపులోనే కూర్చుని పుస్తకాలు కుడుతుంది. తమ్ముడు లోపలికి వెళ్ళిన కొత్తలో ఒంటరిగా ఆఫీసుల చుట్టూ తిరిగి, ఏ కాగితం ఏ బల్ల మీద నిద్రపోతుందో, దాన్ని ఎలా తట్టి లేపాలో నేర్చుకుంది. నేర్చుకున్నది నలుగురికి చెప్పింది. ఆ నలుగురే నలభై కుటుంబాలయ్యారు. జైలు ఆసుపత్రికి వారానికి రెండుసార్లు డాక్టరు వస్తున్నాడంటే, ములాఖాత్ గది బయట ముసలివాళ్ళు కూర్చోవడానికి బెంచీలు పడ్డాయంటే, అది ఈ వెనక గది చలవే.

అయితే ఆ గుంపుకు పేరు తెచ్చింది బెంచీలు కాదు. ఒక ముక్క.

శిక్షలో చాలాభాగం గడిపినవాళ్ళు ముందస్తు విడుదల కోరుతూ సమీక్ష బోర్డుకు అర్జీ పెట్టుకోవచ్చు. ఆ ఫారంలో తొమ్మిదో గడి ఒకటుంది. 'చేసిన నేరం గురించి ఇప్పుడు ఏమనుకుంటున్నారు?' అని అడిగి, కింద ఐదు గీతలు గీసి వదిలేస్తారు. మిగతా గడులన్నీ గడగడా నిండేవి. బండి అక్కడికొచ్చి కూరుకుపోయేది. ఇంట్లోవాళ్ళకు తెలియదు, లోపలివాళ్ళు చెప్పరు. ఐదు గీతల మీద 'తప్పయింది, క్షమించండి' అని రాస్తే రెండు గీతలు కూడా నిండవు.

ఆరేళ్ళ క్రితం కండక్టరమ్మ కొడుకు ఫారం దగ్గర అక్క మొదటిసారి చెయ్యి చాచింది. కండక్టరమ్మ ముప్పై ఏళ్ళు బస్సులో టిక్కెట్లు కొట్టి రిటైరైన మనిషి, ఆ గుంపులో అక్కకు కుడిభుజం. ఆమె కొడుకు పక్కింటాయనతో గొడవపడి, తోసి, చంపాడు. తొమ్మిదో గడిలో ఏం రాయమంటావురా అని తల్లి ఊచల ఇవతల నుంచి అడిగితే, "వాడికి అలా జరగాల్సిందే అని రాసుకో" అన్నాడట. అది రాస్తే వాడు జన్మకు బయటికి రాడు. కండక్టరమ్మ వెనక గదిలో కూర్చుని ముక్కు చీదుకుంటూ ఉంటే, అక్క చేతిసంచిలో తమ్ముడు రాసిన ఉత్తరం ఉంది. ఆ వారమే వచ్చింది. మూలన జైలు ముద్ర, తేదీ, చదివి పంపిన జైలు ఉద్యోగి పొట్టి సంతకం.

తమ్ముడు లారీల షెడ్డులో పనిచేసేవాడు. తనకు పని నేర్పిన మేస్త్రినే ఒక మధ్యాహ్నం మాటా మాటా పెరిగి, చేతిలో ఉన్న ఇనుప కడ్డీతో కొట్టాడు. ఒక్క దెబ్బ. ఆ సంగతి వాడు అక్కతో నోటితో ఎప్పుడూ మాట్లాడలేదు. ఆ ఉత్తరంలో మాత్రం రాశాడు. 'నేను చంపిన మనిషి రోజూ నాకంటే ముందే నిద్ర లేస్తాడు. నేను కళ్ళు తెరిచేసరికి ఎదురుగా కూర్చుని ఉంటాడు. ఆయనతో ఏం మాట్లాడాలో నాకు ఇంతవరకూ తెలియలేదు.'

అక్క ఆ మూడు వాక్యాలూ కండక్టరమ్మ కొడుకు గడిలో ఎక్కించింది. ఐదు గీతలూ అచ్చంగా సరిపోయాయి. కొడుకు చదవకుండానే సంతకం పెట్టాడు. బోర్డులో ఒకావిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుందని తర్వాత తెలిసింది. నెల తిరక్కుండా వాడు బయటికొచ్చాడు.

ఇక చూడాలి. వచ్చిన ప్రతివాళ్ళూ ఆ ముక్క రాయండి అనేవారు, మందుల షాపులో ఫలానా బిళ్ళ ఇవ్వండి అన్నట్టు. కొట్లాట కేసుల్లో 'నేను గాయపరిచిన మనిషి' అయింది, దారిదోపిడీ కేసుల్లో 'నేను దోచుకున్న మనిషి' అయింది. కరెంటు తీగలు కోసి పట్టుబడిన ఒకతని భార్య వచ్చినప్పుడు కండక్టరమ్మ, "ఇతనికేం రాస్తావక్కా? నేను కోసిన తీగ నాకంటే ముందే లేస్తుందనా?" అంది. గది గదంతా పగలబడి నవ్వింది. అక్క కూడా నవ్వింది. నవ్వుతూనే రాసింది. ఆరేళ్ళలో ముప్పై ఒక్క అర్జీలు, పంతొమ్మిది మంది బయటికొచ్చారు. ఇది మోసం కాదా అని అక్క మనసు ఒకటి రెండుసార్లు గొణిగింది గానీ, గేటు బయట తండ్రిని చూసి గుర్తుపట్టలేక తల్లి వెనక దాక్కునే పిల్లల్ని చూశాక ఆ గొణుగుడు అణగిపోయేది. తమ్ముడు ఉన్నది ఊరికి దూరంగా ఇంకో జైల్లో. వాడికి ఈ సంగతి తెలియదు. చెబుదామని ప్రతి ములాఖాత్‌కీ అనుకునేది. ఇరవై నిమిషాల్లో అదొక్కటే చెప్పడానికి ఉంటుందా.

తమ్ముడికి అర్హత ఈ ఏడే వచ్చింది. పదకొండేళ్ళు పూర్తయ్యాయి.

నీ ఫారం నేను నింపుతాలేరా అని అక్క ముందే చెప్పి ఉంచింది. వాడు నవ్వి, నాకు చదువొచ్చు కదక్కా అన్నాడు. ఆ తర్వాతి ములాఖాత్‌లో నింపిన ఫారం నకలు పట్టుకొచ్చి, గాజు పలక అవతల నుంచి ఫోనులో చదివి వినిపించాడు. ఎనిమిది గడులు అయ్యాయి. తొమ్మిదో గడి దగ్గర గొంతు తగ్గించాడు. ఆ మూడు వాక్యాలే. పదకొండేళ్ళుగా వాడి దగ్గర ఉన్నది అవే.

"ఎలా ఉందక్కా?" అన్నాడు.

అప్పుడు చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ వాడి మొహం చూస్తే పరీక్ష బాగా రాసి ఇంటికొచ్చిన పిల్లాడిలా ఉంది. పంతొమ్మిది మందికి పనిచేసిన మాట వాడికెందుకు పనిచెయ్యదులే అని తనకు తనే సర్దిచెప్పుకుంది. "బాగుందిరా" అంది.

ఆమెకు తెలియని సంగతి ఒకటుంది. బోర్డుకు ఆ ఏడాది కొత్త పెద్ద వచ్చాడు. అంతకుముందు పెద్దలు ఫైళ్ళ బరువు చూసి సంతకాలు పెట్టేవారు. ఈయన చదువుతాడు.

బోర్డు కూర్చునే గది పొడుగ్గా ఉంటుంది. ఒక చివర బల్ల, ముగ్గురు సభ్యులు. ఇంకో చివర ఇంటివాళ్ళకు బెంచీ. నోరు విప్పితే బయటికి పంపుతామని గోడ మీద రాసి ఉంటుంది. తోడు వస్తానని కండక్టరమ్మ కూడా వచ్చి పక్కన కూర్చుంది. తమ్ముణ్ణి ఇద్దరు పోలీసుల మధ్య నిలబెట్టారు. వాడు ఉతికి మడత పెట్టిన చొక్కా వేసుకున్నాడు, మడత గీతలు అలాగే ఉన్నాయి.

పెద్దాయన ఫైలు తిప్పుతూ తొమ్మిదో గడి దగ్గర ఆగాడు. పైకి చదివాడు. కళ్ళజోడు పైనుంచి చూసి, "ఏమయ్యా, మీ జైళ్ళలో చచ్చినవాళ్ళంతా తెల్లారకుండానే లేచి డ్యూటీ ఎక్కుతారా?" అన్నాడు. పక్క సభ్యులు మూతులు బిగించి నవ్వు ఆపుకున్నారు. పెద్దాయన ఇంకో కాగితాల కట్ట ముందుకు లాక్కుని ఒక్కొక్కటే చదివాడు. నేను గాయపరిచిన మనిషి. నేను దోచుకున్న మనిషి. మళ్ళీ నేను చంపిన మనిషి. ఈ ఏడాది ఇది ఎనిమిదోదన్నాడు.

తమ్ముడికి ముందు అర్థం కాలేదు. తన ఇంట్లో సామాను ఎవరో వీధిలో పెట్టి వేలం వేస్తున్నట్టు వింటూ నిలబడ్డాడు. తర్వాత, "అది నేను రాసిందేనండి" అన్నాడు.

"అందరూ అదే అంటారు."

అప్పుడు వాడు తల తిప్పి బెంచీ వైపు చూశాడు. అక్క లేవబోయింది. కండక్టరమ్మ చెయ్యి ఆమె మోకాలి మీద పడి గట్టిగా నొక్కింది. అంత బలం ఆ ముసలి చేతిలో ఎక్కడిదో. అక్క తల దించుకుంది. ఆ తల దించడంలోనే వాడికి మొత్తం తెలిసిపోయింది.

పశ్చాత్తాపం నిజమైనది కాదు, అరువు మాటలు, అర్జీ తిరస్కరించడమైనది అని రాశారు. మళ్ళీ రెండేళ్ళ తర్వాతే అడగాలి. కొత్త ఆధారం ఏదైనా ఉంటే మాత్రం ముప్పై రోజుల్లో చూపించుకోవచ్చు.

ఆధారం ఉంది. ఆరేళ్ళ నాటి ఉత్తరం, మూలన జైలు ముద్ర, తేదీ. మొదటి అర్జీకంటే ముందుది. అది బల్ల మీద పెడితే ఆ మాట ఎవరిదో గుడ్డివాడికైనా తెలుస్తుంది. అక్క ఆ ఉత్తరాన్ని బట్టల అడుగు నుంచి తీసి, నకళ్ళు తీయించి, కవరులో పెట్టింది.

కండక్టరమ్మ పసిగట్టింది. పనివేళ షాపుకే వచ్చి, కుడుతున్న పుస్తకాల పక్కన కూర్చుంది. ఆమె చెప్పింది అబద్ధమేమీ కాదు. విడుదల షరతుల మీద ఇచ్చిందే. అర్జీలో రాసింది బూటకమని తేలితే, బయటికొచ్చినవాళ్ళందరినీ మళ్ళీ లోపలికి లాగుతారు. అందరికంటే ముందు ఆమె కొడుకుని. వాడికి ఇప్పుడు టైర్ల షాపులో పని ఉంది, రెండేళ్ళ కూతురుంది.

"నువ్వు రాసిన రాతేగా అక్కా" అంది కండక్టరమ్మ. "వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. మనం ఒక్క నిజాన్నే ముప్పై సార్లు ఆడాం. దానికి నా కొడుకు మెడకి ఉరేస్తావా?"

"మరి నా తమ్ముడు, పిన్నీ?"

"నీ తమ్ముడు మంచోడమ్మా. రెండేళ్ళు తట్టుకుంటాడు. నావాడు రెండు రోజులు తట్టుకోడు."

మంచివాడు కాబట్టి ఉండాలి, చెడ్డవాడు కాబట్టి తిరగాలి. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని అక్క మాట మింగేసి సూదిలోకి దారం ఎక్కించుకుంది. ముప్పై రోజుల్లో ఇరవై రెండు అలాగే గడిచాయి. ఆ తర్వాత ములాఖాత్ వచ్చింది. షాపులో పూట సెలవు పెట్టి, కవరు సంచిలో వేసుకుని బయల్దేరింది. కండక్టరమ్మ పిలవకుండానే వెంట వచ్చి, గేటు బయట బెంచీ మీద కూర్చుంది.

గాజు అవతల తమ్ముడు ఫోను ఎత్తడానికి చాలాసేపు పట్టింది. అక్క అన్నీ చెప్పింది. మొదటి ఫారం, ఐదు గీతలు, బిళ్ళలా పంచడం, తీగల దొంగ మీద నవ్వుకున్న నవ్వు కూడా దాచలేదు.

"ఎంతమంది వచ్చారు బయటికి?" అన్నాడు చివరికి.

"పంతొమ్మిది."

"వాళ్ళలో ఒక్కడికైనా నిజంగా కనిపించాడా అక్కా?"

ఆ ప్రశ్న వెనక గదిలో ఎవరూ ఎవరినీ అడగలేదు. ఆమె కవరులోంచి ఉత్తరం తీసి గాజుకు ఆనించి పట్టుకుంది. ఇది రేపే ఇచ్చేస్తానురా, ఎవరేమైపోతే నాకేం, అంది.

వాడు తన చేతిరాత వంక కాసేపు చూశాడు. ఆరేళ్ళ కిందటి రాత, ఇప్పటికంటే గుండ్రంగా ఉంది.

"ఇవ్వొద్దు."

"ఎందుకురా? నీదేగా."

"నాదే. అది మేస్త్రి గురించి నీకు చెప్పుకున్న మాట. బోర్డువాళ్ళకి నేను రాసినప్పుడే తప్పు చేశాను. ఇప్పుడు దీన్ని చూపించి బయటపడితే, ఆయన్ని అమ్ముకుని వచ్చినవాళ్ళలో నేను ఇరవయ్యోవాణ్ణి అవుతాను."

"రెండేళ్ళురా."

"తెలుసు. లెక్క నాకంటే నీకు బాగా వచ్చా?"

ఆ మాటలో విరుపు వాడి నోట ఆమె ఎప్పుడూ వినలేదు. వాడు ఫోను కిందికి దించి, మళ్ళీ ఎత్తి, "పొద్దున్నే లేస్తే ఈమధ్య ఎదురుగా ఎవరూ ఉండట్లేదు. ఆ పెద్దాయన నవ్వే వినపడుతోంది" అన్నాడు. కొన్నాళ్ళు రావద్దన్నాడు. ఇంకా ఎనిమిది నిమిషాలుండగానే ఫోను కొక్కేనికి తగిలించి, వెనక్కి తిరగకుండా లోపలికి వెళ్ళిపోయాడు. అక్క ఆ ఎనిమిది నిమిషాలూ ఖాళీ కుర్చీ ముందు కూర్చుంది. కాపలావాడు వచ్చి, అయిపోయిందిగా లేవమ్మా అన్నాడు. ఈసారి అర్జీల అక్క అనలేదు.

గేటు బయట కండక్టరమ్మ లేచి నిలబడింది. మొహమే అడిగింది.

"నీ కొడుక్కి భయం లేదు పిన్నీ. ఇవ్వట్లేదు."

కండక్టరమ్మ అక్క రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. చల్లగా ఉండమంది, నీ తమ్ముడు దేవుడంది. బస్టాపు దాకా వచ్చేసరికి ఆమెకు పూర్తిగా ప్రాణం లేచొచ్చి వచ్చే ఆదివారం గురించి మొదలుపెట్టింది. ఆరు ఫారాలు ఉన్నాయట. పాత ముక్క ఇక పనికిరాదు కాబట్టి, అంత బరువైనదే ఇంకోటి ఆలోచించాలట. ఆ గడిలో ఏదో ఒకటి పడాలి కదా అంది.

"ఆలోచిద్దాం" అంది అక్క. "ముందు నువ్వు ఇంటికెళ్ళి నీ కొడుకుని ఒక్క మాట అడిగి రా. ఆ పక్కింటాయన వాడికి ఎప్పుడైనా కనిపించాడా అని. ఏమన్నాడో వచ్చి అందరి ముందూ చెప్పు. దాన్నిబట్టి రాద్దాం."

కండక్టరమ్మ అప్పటిదాకా పట్టుకునే ఉన్న అక్క చెయ్యి వదిలేసింది. అంతలో ఒక బస్సు వచ్చి ఆగింది. నంబరైనా చూడకుండా ఎక్కేసి, అక్కకు కనపడకుండా అవతలి వైపు సీట్లో కూర్చుంది.

అక్క ఉత్తరాన్ని మడిచి సంచిలో పెట్టుకుని, షాపు వైపు వెళ్ళే బస్సు ఎక్కింది. పూట సెలవు అయిపోవచ్చింది.