పడవ పచ్చ

నేను ఒక బలిపీఠాన్ని. సముద్రం ఒడ్డున జాలర్ల పల్లెలో, పాత చర్చిలో ఉంటాను. ఒళ్లంతా టేకు. ముందువైపు బంగారు రేకు అద్దిన ఇద్దరు దేవదూతలు ఉండేవారు. ఎక్కడికో ఎగిరిపోయారని కాదు, పెయింటు కింద పడి ఉన్నారు.

ఈ ఊళ్లో ఒక అలవాటుంది. క్రిస్మస్ ముందు పడవలకు రంగులేసి, డబ్బాలో మిగిలింది తెచ్చి నాకు పూస్తారు. ఒక ఏడు నీలం, ఇంకో ఏడు ఎరుపు. దేవదూతల ముక్కులు పూడిపోయాయి, రెక్కలు పూడిపోయాయి. నేనెవర్నీ తప్పుపట్టను. మనుషులకు ప్రేమ ఎక్కువైతే ఎదుటివాళ్ల మొహం కనబడకుండా పూసేస్తారు. చివరిసారి పూసింది సౌరి అనే జాలరి, ఆకుపచ్చ. ఆ వారమే తుఫాను. వేటకెళ్లిన సౌరీ తిరిగి రాలేదు, పడవా రాలేదు. ఆ తర్వాత నాకు రంగెయ్యడానికి ఎవరికీ మనసొప్పలేదు. రోడ్డు పక్కన కొత్త చర్చి కట్టుకున్నారు. నాకు గబ్బిలాలు మిగిలాయి.

ఈమధ్య పట్నం కాలేజీ నుంచి, పాత వస్తువులు బాగుచేయడం నేర్చుకునే పిల్లలు వచ్చారు. దూది, రంగు కరిగించే మందు సీసాలు, సన్నటి కత్తులు పరుచుకుని నన్ను రోగిని చూసినట్టు చూశారు. తనూజ అనే అమ్మాయి కుడివైపు మందు దూదితో అద్దుతుంటే పచ్చ రంగు కరిగి, కింది పొరలూ పోయి, దేవదూత కన్ను బయటపడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకూ గర్వంగానే అనిపించింది.

సౌరి భార్య ఫిలోమినమ్మ తలుపు దగ్గర నిలబడి చూస్తోంది.

"ఆ దూదంతా ఏం చేత్తారమ్మా?"

"పారేస్తాం మామ్మా."

"ఆ పచ్చ మా ఆయన పడవదమ్మా. ఆయనా దొరకలేదు, పడవ చెక్కయినా దొరకలేదు. నాకింక ఆ రంగే ఉంది."

తనూజ చెయ్యి ఆగిపోయింది. చెప్పొద్దూ, నాకు కూడా బంగారం మీద మోజు చచ్చిపోయింది.

ఈ పనిలో ఒక పద్ధతి ఉందట. బాగుచేయకముందు ఎలా ఉండేదో తెలియడానికి చిన్న ముక్క తుడవకుండా వదిలేస్తారు, అదీ వెనకవైపు. తనూజ మాత్రం ముందువైపు, దేవదూత రెక్క మీదే వదులుదామంది.

"రెక్క సగం పోతుందమ్మా, అందం చెడుతుంది," అన్నారు వాళ్ల మాస్టారు.

"పోనివ్వండి సార్," అంది.

ఆయన చాలాసేపు గొణిగి ఒప్పుకున్నారు.

ఇప్పుడు జనం వచ్చి ఫోటోలు తీసుకుంటున్నారు. మొన్న ఒకావిడ దగ్గరికొచ్చి చూసి నొచ్చుకుంది.

"అయ్యో, ఇక్కడ తుడవడం మర్చిపోయారే!"

నా ముందు మోకరించి ఉన్న ఫిలోమినమ్మ ఆ పచ్చ మీద అరచెయ్యి ఆనించింది.

"మర్చిపోలేదమ్మా. అది మా పడవ."