కర్గీ రోడ్ దాకా బొంత

చచ్చినవాళ్ళ పక్కబట్టలు ఇంట్లో ఉంచకూడదని మా వాళ్ళలో ఎవరికీ వేరే చెప్పనక్కర్లేదు. మాది శ్రీకాకుళం వైపు. మా మామగారి రోజుల్లోనే రైల్వే పని కోసం బిలాస్‌పూర్ వచ్చేశాం. మాటల్లో సగం హిందీ అయిపోయినా ఇలాంటి పట్టింపులు మాత్రం ఒక్కటీ వదల్లేదు. నేనైతే మరీను. ఈ అప్పలనర్సమ్మ నోట్లో పడకూడదని మా కాలనీలో పేరు.

నా మనవరాలు ప్రత్యూషకి పన్నెండేళ్ళు. దానికి ఏడేళ్ళప్పుడు రాయపూర్‌లో డాక్టరు చూసి ఆస్పర్జర్ అన్నాడు. ఇప్పుడు ఆ పేరు తీసేసి ఆటిజంలోనే కలిపేశారట. పేరు ఏదైతేనేం, పిల్ల ముఖంలోకి చూడదు. కుక్కరు కూతకి చెవులు మూసుకుంటుంది. చెప్పిన మాటని చెప్పినట్టే నమ్ముతుంది. 'ఒక్క నిమిషంలో వస్తానుండు' అని వంటింట్లోకి వెళ్తే గడియారం కింద నిలబడి లెక్కపెడుతుంది. ఈ పిల్లతో నా వల్ల కాదు బాబూ అని దాని ముందే చాలాసార్లు అన్నాను. నా నోరు పడిపోను.

దాని చేతికి సూది ఇచ్చింది మా ఆయన సన్యాసిరావు. ముప్పై నాలుగేళ్ళు గూడ్సు బండి గార్డు. చిట్టచివరి డబ్బాలో ఒక్కడూ కూర్చుని, వెనక్కి పోయేవన్నీ చూస్తూ బతికిన మనిషి. రిటైరయ్యాక ఊరి చివర మోప్కాలో ఇల్లు కట్టుకున్నాం గానీ అక్కడ ఆయనకి పొద్దుపోయేది కాదు. నేను పాత చీరలతో బొంత కుడుతుంటే ప్రత్యూష పక్కన చేరి గుడ్డముక్కలు రంగుల వారీగా పేర్చడం ఒకరోజు చూశాడు. ఆ మర్నాటి నుంచి బుధవారీ బజార్ దర్జీల దగ్గర పేలికలు సంచి నిండా తెచ్చి దాని ముందు పోసేవాడు. తను డ్యూటీలో చూసినవి చెప్పేవాడు, అది కుట్టేది.

అయిదేళ్ళు కుట్టింది. బిలాస్‌పూర్ నుంచి కర్గీ రోడ్ స్టేషను దాకా, ఆ చివరి డబ్బాలోంచి కనిపించే దారంతా ఒకే బొంత మీద. దగ్గరివి పెద్దగా, దూరమైపోయినవి చిన్నగా. వాన పడే చోట బూడిదరంగు దారం ఏటవాలుగా వేసింది. బండి కదులుతుంటే వాన అలాగే కనబడుతుందని తాత చెప్పాడట. తాత చెప్పనిది ఒక్క కుట్టు వేసేది కాదు. ఆయనా అంతే, గుర్తులేకపోతే గుర్తులేదనేవాడు తప్ప కల్పించి చెప్పేవాడు కాదు.

కుట్టుకి కూర్చుంటే అన్నానికి లేచేది కాదు. ఒకసారి నాకు ఒళ్ళు మండి చేతిలో సూది లాక్కున్నాను. పిల్ల గోడకి తల బాదుకుంది. నెల్లాళ్ళు సూది ముట్టలేదు. మా ఆయన నన్ను కేకలెయ్యలేదు.

"ఓలే నర్సమ్మా, దాన్ని ఆపకే. దారం అయిపోతే అదే లెగుస్తాది" అన్నాడు.

అప్పట్నుంచి దారం ఆయనే తెంపి ఇచ్చేవాడు. మధ్యాహ్నం పూట బారెడు, అన్నం వేళకి జానెడు. పిల్ల ఆఖరి కుట్టు వేసి, ముడి వేసి, తనంతట తనే కంచం ముందుకి వచ్చేది.

"ఏటండీ, ఇంట్లో కూడా బండిని ఆపే గార్డుద్యోగమేనా" అని వెక్కిరించేదాన్ని. ఆయన నవ్వుతూ ఇంకో దారం తెంపేవాడు.

కిందటి కార్తీకంలో ఆయనకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. బొంత అప్పటికి కల్మీటార్ స్టేషను దాటింది. కర్గీ రోడ్ ఇంకో మూరెడు ఉంది. చెప్పేవాడు లేక పిల్ల అక్కడే ఆగిపోయింది. ఆయన చలికి వణుకుతుంటే తనే ఆ బొంత తెచ్చి కప్పింది. మంచం పక్కన కూర్చుని అంచులు కుట్టుకునేది. పుష్యమాసంలో ఒక పొద్దున ఆ బొంత కిందే ఆయన పోయాడు.

ఏడుపుల చప్పుడు తట్టుకోలేదని ప్రత్యూషని వెనక గదిలో కూర్చోబెట్టారు. ముందు గదిలో మా వాళ్ళందరికీ పెద్దదిక్కైన మంగాయమ్మ పక్కబట్టలు తియ్యమంది. నా కోడలు స్వాతి నా చెయ్యి పట్టుకుంది.

"అత్తయ్యా, పరుపూ దుప్పట్లూ అన్నీ ఇచ్చేద్దాం. అదొక్కటీ ఉంచండి. పిల్ల ప్రాణం దాంట్లోనే ఉంది."

"నాకు సెప్పొచ్చావేటి? సచ్చినోడి మీది గుడ్డ మళ్ళీ నీ కూతురికి కప్పుతావా?" అన్నాను.

నా కొడుకు రాజేంద్ర తల దించుకుని, "నీ ఇష్టం అమ్మా" అన్నాడు. పిల్లకి కీడు జరుగుతుందని భయపడ్డాను. మంగాయమ్మ చేత మాట పడతానని కూడా భయపడ్డాను. రెండూ నిజమే. బొంతని శవంతో పాటు అర్పా నది ఒడ్డుకి పట్టుకెళ్ళి శ్మశానంలో వదిలేశారు.

సాయంత్రం పిల్ల వచ్చి బొంత ఏదని అడిగింది. స్వాతి నా వైపు చూసింది.

"తాతకి చలేస్తందని పట్టుకెళ్ళాడమ్మా" అన్నాను.

"ఊపిరి ఆగిపోయాక చలి వేస్తుందా, మామ్మా?"

"ఏస్తాది."

"అచ్ఛా. చలికాలం అయ్యాక ఇచ్చేస్తాడా?"

"ఆ, హోలీకి ఇచ్చేస్తాడు" అన్నాను, అక్కడితో వదులుతుందని.

పిల్ల ఏడవలేదు. బడికి వెళ్ళింది, వేళకి తింది. స్వాతి కొత్త గుడ్డ తెచ్చి ఇస్తే, "దీని మీద బిలాస్‌పూర్ లేదు" అని పక్కన పెట్టింది. నేను మాత్రం పోనీలే, మరిచిపోతుందిలే అనుకున్నాను.

హోలీ నాడు పొద్దున్నే స్నానం చేసి, సూదికి దారం ఎక్కించుకుని గేటు దగ్గర కూర్చుంది. డోలు చప్పుడుకి మంచం కిందకి దూరే పిల్ల, వీధంతా డోళ్ళు మోగుతున్నా కదల్లేదు. ఎవరో రంగు చల్లారు. చీకటి పడేదాకా సూది పట్టుకుని అలాగే ఉంది. మర్నాడు తెల్లవారగానే ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కి శ్మశానానికి వెళ్ళాను.

అక్కడి కాపలా మనిషి మంచం మీద ఉంది బొంత. ఒక మూల చిరిగింది, మధ్యలో బీడీ కాలిన చిల్లు. నేను ఏడుస్తూ అడిగితే అతను జాలిపడి మడిచి చేతికిచ్చాడు.

"లే జావో మాయీ. ఠండ్ తో గయీ" అన్నాడు, చలి పోయిందిగా పట్టుకుపొమ్మని.

మూడు నీళ్ళు పెట్టి ఉతికాను. అరిష్టం ఉంటే నాకే తగలనీ అనుకున్నాను. ఆరాక పిల్ల ముందు పరిచాను. దాని ముఖం వెలుగుతుందని ఎంత ఆశపడ్డానో చెప్పలేను.

ప్రత్యూష వేలు పెట్టి కుట్లు తడుముకుంటూ ఒక చివర నుంచి కల్మీటార్ దాకా వచ్చింది.

"ఇది నాదే" అంది. తర్వాత గుమ్మం వైపు చూసింది. "తాత ఏడీ?"

"తాత రాడమ్మా."

"మరి ఎవరు తెచ్చి ఇచ్చారు?"

ఇంక నాకు దారి లేకపోయింది. "తాత పట్టుకెల్లనేదు. నానే ఇచ్చేశాను. నీకు అబద్ధం సెప్పాను."

పిల్ల మళ్ళీ బొంత మీది కుట్ల వైపు చూసింది. కోపం లేదు, కన్నీళ్ళు లేవు. నన్ను తిట్టినా బాగుండేది.

"తాత కూడా ఝూట్ చెప్పాడా?" అంది.

"నేదమ్మా. మీ తాత ఏనాడూ అబద్ధమాడనేదు."

"అది నువ్వు చెప్తున్నావు. నువ్వు ఝూట్ చెప్తావు కదా." అది దెప్పిపొడుపు కాదు. దానికి దెప్పడం రాదు. "ఘుట్కు రైలు గేటు దగ్గర తెల్ల గుర్రం కట్టేసి ఉండేదని తాత అన్నాడు. నువ్వు చూశావా, మామ్మా?"

ఆ దారిలో నేను ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. ఒక్కసారి కిటికీలోంచి చూసిన గుర్తు లేదు. పోనీ, డ్యూటీ నుంచి వచ్చిన మనిషిని, ఇవాళ ఏం చూశారండీ అని ముప్పై నాలుగేళ్ళలో ఒక్కనాడు అడిగానా? కాళ్ళు కడుక్కోండి, అన్నం చల్లారిపోతోంది అన్నాను, అంతే. చూశానని చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను.

"చూడనేదమ్మా" అన్నాను.

"అయితే ఇది నిజమో కాదో తెలీదు" అని పిల్ల చిన్న కత్తెర తెచ్చుకుని గుర్రం కాళ్ళ దగ్గర మొదలుపెట్టి, ఒక్కొక్క కుట్టే కత్తిరించి దారం లాగేసింది. స్వాతి ఆపబోయి ఆగిపోయి, కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఇక్కడ చెరువులో గేదెలు. చూశావా?"

"నేదమ్మా."

"గేటు మనిషి పచ్చజెండా?"

"నేదు."

ప్రతిదానికీ ముందు నన్ను అడిగింది. నేను లేదన్నాకే విప్పింది. సాయంత్రానికి ఘుట్కు నుంచి వెనక్కి ఉస్లాపూర్ స్టేషను దాకా ఉత్త చీరగుడ్డ మిగిలింది. స్వాతి దీపం వేసింది. ప్రత్యూష బొంతని తన వైపుకి ఇంకో జానెడు లాక్కుని, మళ్ళీ నన్ను అడిగింది.