ఎవరి నెంబరు వాళ్లదే

సామ్రాజ్యం వేలిముద్ర మూడోసారి కూడా రేషన్ మిషన్ మీద పడలేదు. రొయ్యల షెడ్డులో ఐసు మధ్య పొట్టు ఒలిచి ఒలిచి అరిగిపోయిన వేళ్లవి. గీతలుంటే గదా పడేది!

“ఓటీపీ చెప్పమ్మా,” అన్నాడు రేషన్ డీలరు.

ఆ ఓటీపీ పోయేది షెడ్డు యజమాని రంగనాయకులు ఫోనుకి. పల్లెలో ఎవరికీ ఫోను లేని రోజుల్లో అందరి ఆధార్‌కీ తన నెంబరే రాయించాడు. దేవుడివయ్యా అని అందరూ దండం పెట్టారు. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని ఊరికే అన్నారా!

సామ్రాజ్యం షెడ్డుకి పరిగెత్తింది. రంగనాయకులు ఫోను జేబులోంచి తియ్యనైనా తియ్యలేదు.

“చెప్తాలే. ఆదివారం కూడా పనికి రావాల. ఆ సంఘం గదికి పోయి ఫోను నేర్చుకునేది మానుకోవాల.”

ఇంట్లో బియ్యం అడుగంటాయి. మనవరాలు గంజినీళ్లు తాగి బడికి పోయింది. సరేనందామని నోటిదాకా వచ్చింది. కానీ వెనక్కి తిరిగింది. నేరుగా సంఘం గదికే నడిచింది.

రొయ్యలు ఒలిచే ఆడవాళ్ల సంఘం అది. కార్యదర్శి కెజియా ఫోను పట్టుకుని అంకెలు చదివిస్తోంది. సామ్రాజ్యం చెప్పింది విని గది భగ్గుమంది.

“రేపే టౌనుకి పోయి నెంబర్లు మార్పిద్దాం,” అంది కెజియా.

“వేళ్లే పడవు, ఎట్టా మారుస్తారమ్మే?” అంది షాజాదీ బేగం.

“వేలికి బదులు కంటిపాప ఫోటో తీస్తారక్కా. అందరికీ సంఘం ఫోను నెంబరే ఇచ్చేద్దాం.”

“వద్దు!” సామ్రాజ్యం గొంతు లేచింది. “అప్పుడూ ఇట్టనే ఒకడి చేతిలో పెట్టినాం. నువ్వు మంచిదానివే కెజియా. రేపు ఈ కుర్చీలో ఎవురు కూచుంటారో! ఎవురి నెంబరు వాళ్లకే ఉండాల.”

కెజియా మొహం ఎర్రబడింది. ఆ పైన గట్టిగా నవ్వింది. “నిజమే అక్కా. ఊరూరా పాత ఫోన్లు అడుగుదాం. సిమ్ములు సంఘం కొంటది.”

“పనికి పోకుంటే గేటు మూస్తాడే!” అంది షాజాదీ బేగం.

“ఒక్కరం టౌనుకి పోతే మూస్తాడు. అందరం పోతే రొయ్యలు వాడే ఒలుచుకోవాల,” అంది కెజియా.

ఫోన్లు సమకూరిన రోజు షెడ్డులోకి ఒక్కరూ పోలేదు. గూడూరు టౌనుకి పోయే నిమ్మకాయల ఆటోలు ఎక్కారు. ఆధార్ సెంటరు ముందు వరుస కట్టేసరికి రంగనాయకులు పోలీసులతో దిగాడు.

“ఈ కెజియాని జీపెక్కించండి. కూలోళ్లని రెచ్చగొట్టింది ఇదే!”

కెజియా జీపెక్కుతూ అరిచింది. “వరుస చెదరొద్దు!”

ఆడవాళ్లు ఏడ్చారు, తిట్టారు. వరుస మాత్రం చెదరలేదు. సామ్రాజ్యం లోపలికి పోయి కుర్చీలో కూచుంది.

“నా కన్ను తియ్యి నాయనా.”

నెంబర్లు మారేలోపు పల్లెలో పొయ్యిలు సరిగా వెలగలేదు. ఉన్న బియ్యం పంచుకుతిన్నారు. రోజూ ఎవరో ఒకరు స్టేషనుకి పోయి అడిగినా కెజియాని వదల్లేదు. మళ్లీ రేషన్ షాపు దగ్గర నిలబడ్డ రోజున ఫోను సామ్రాజ్యం గుప్పిట్లోనే మోగింది. పక్కన రంగనాయకులు నిలబడి చూస్తున్నాడు. ఓటీపీలో ఒక్కో అంకె మీదా వేలు పెట్టుకుంటూ చదివింది. డీలరు బియ్యం తూచాడు.

ఒక్కరూ ఇంటికి పోలేదు. బియ్యం సంచులు నెత్తిన పెట్టుకుని, కెజియాని విడిపించుకోను, అందరూ పోలీసు స్టేషను దారి పట్టారు.

“షెడ్డుకి ఎప్పుడొస్తారే?” అరిచాడు రంగనాయకులు.

సామ్రాజ్యం వెనక్కి తిరిగింది.

“కెజియా వచ్చినాక చెప్తాం. మా నెంబరుకి ఫోన్ చెయ్యి.”