అర సినిమా

"నువ్వెళ్ళి పాపని చూడు, తర్వాత ఏమైందో నేను చెప్తాలే."

టీవీలో సినిమా చూస్తున్నప్పుడు భర్త అనే ఈ మాట పెళ్ళయిన కొత్తలో పొయ్యి మీది పాల కోసమో, తలుపు కొట్టిన మనిషి కోసమో వచ్చేది. పాప పుట్టాక మాట మారలేదు, పని మారింది. కథ సరిగ్గా ముడిపడే చోటో, ఆ ముడి విడే చోటో ఆమె లేవాల్సి వచ్చేది. పాపని జోకొట్టి, ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఆడుతోందో లేదో చూసి, అనుమానం తీరక ఇంకోసారి చూసి తిరిగొచ్చేసరికి తెర మీద పేర్లు పైకి పాకుతుండేవి. "ఏమైందండీ?" అని అడిగితే అతను ఒళ్ళు విరుచుకుంటూ, "ఏముంది, అందరూ కలిసిపోయారు" అనేవాడు. అంత పెద్ద సినిమాకి అతను చెప్పే మిగతా కథ ఒక ఆవులింతలో ఇమిడిపోయేది.

ఆమెకి అర సినిమా అని పేరు పెట్టింది కూడా అతనే. ఇంటికెవరొచ్చినా చెప్పేవాడు. మా ఆవిడ పుట్టి బుద్ధెరిగాక ఒక్క సినిమా అయినా పూర్తిగా చూసిందేమో కనుక్కోండి, సగం తెర మీద, సగం నా నోటి వెంట అని. వాళ్ళు నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది. నవ్వకపోతే వేళాకోళం కూడా అర్థం కాదు పాపం అనుకుంటారని.

బడిలో చదివే రోజుల్లో సినిమా కథ చెప్పడంలో ఆమెని కొట్టేవాళ్ళు లేరు. సినిమాకి వెళ్ళడానికి వీల్లేని పిల్లలంతా మధ్యాహ్నం గంట కొట్టగానే ఆమె బెంచీ చుట్టూ మూగేవారు. తలుపు కిర్రుమన్న చోట కిర్రుమనిపించి, ఏడవాల్సిన చోట ముందు తనే ఏడ్చి, నచ్చని చోట "ఇక్కడ మాత్రం నాకు కోపమొచ్చింది, ఎందుకంటే" అని కథ ఆపి మరీ తన మాట చెప్పేది. ఒకసారి లెక్కల టీచరు క్లాసులోకి రాబోయి, గుమ్మంలోనే ఆగి, చివరిదాకా విని, "ఊ, తర్వాత?" అంది. ఆ "తర్వాత?" అన్న మాట ఆమెకి ఇప్పటికీ చెవుల్లో ఉంది. పదో తరగతి సగంలో అమ్మ మంచం పట్టింది. తమ్ముళ్ళని చూసుకోవడానికి మనిషి కావాలి. వచ్చే ఏడు మళ్ళీ చేరుదువులే అన్నాడు నాన్న. ఆ వచ్చే ఏడు ఎక్కడో దారి తప్పిపోయింది.

ఇప్పుడు ఆమె చెప్పేది వినేది పాప ఒక్కతే. పాలిస్తూ మెల్లగా చెప్పేది, ఆ సినిమాలో పోలీసాయన అంత మంచివాడు కాదే, నవ్వేటప్పుడు కళ్ళు నవ్వలేదు చూశావా అని. పాప మధ్యమధ్యలో తాగడం మాని మొహంలోకి చూసేది. ఆ మాత్రానికే ఆమె ప్రాణం లేచొచ్చేది. పక్కగదిలోంచి అత్తగారు, "ఎవరితో అమ్మాయ్ మాటలు?" అనేది. "ఎవరితోనూ కాదత్తయ్యా" అని ఊరుకునేది. అది అబద్ధం కూడా కాదు.

ఆ ఆదివారం టీవీలో వచ్చిన సినిమా ఇద్దరన్నదమ్ములది. తండ్రి కట్టిన లారీ షెడ్డు కోసం కొట్టుకుంటారు, చివరికి కలుస్తారు. వంటింట్లో సింకు దగ్గర నిలబడి కాస్త ఒంగితే ఆమెకి టీవీలో కుడివైపు ముక్క కనిపిస్తుంది. తక్కినది భర్త తలకాయా, తలుపు రెక్కా పంచుకుంటాయి. అందుకని తెరకి కుడివైపున నిలబడేవాళ్ళు ఆమెకి ముఖపరిచయం ఉన్నవాళ్ళు, ఎడమవైపు వాళ్ళు ఉత్త గొంతులు. ఆ పూట పాప పేచీ పెట్టడంతో ఆ ముక్క కూడా పోయింది. పడకగదిలో చీకట్లో పాపని భుజాన వేసుకుని తిరుగుతుంటే కుళాయి కారుతున్న చప్పుడు వినిపించింది. కట్టడం మరిచిపోయానా అనుకుంది. ట్యాంకు ఖాళీ అయితే అత్తగారు వారం రోజులు నీళ్ళ మీద పురాణం చెబుతుంది. గబగబా వంటింట్లోకి వెళ్ళి చూస్తే కుళాయి బిగించే ఉంది. సింకు పొడిగా ఉంది. మళ్ళీ గదిలోకి రాగానే మళ్ళీ అదే చప్పుడు, ఈసారి గిన్నె మీద గిన్నె పెట్టిన శబ్దం కూడా. రెండోసారి వెళ్ళి చూసి, కుళాయి మీద చెయ్యి వేసి నిలబడ్డాక తెలిసింది, ఆ నీళ్ళు తన ఇంటివి కావని. సినిమాలోవి.

ఆ తర్వాత ఆమె చెవి అన్నదమ్ముల అరుపుల్ని వదిలేసి ఆ చప్పుడు వెనకే పోయింది. పెద్దవాడు శపథం చేస్తుంటే వెనక గిన్నెలు. చిన్నవాడు ఇల్లు విడిచిపోతుంటే నీళ్ళు. తండ్రి గుండె పట్టుకుని కూలబడితే ఏదో మూత కిందపడి గుండ్రంగా తిరిగి ఆగిన చప్పుడు. సింకు దగ్గరికొచ్చి ఒంగి చూసింది. తెరకి కుడివైపున, వెనగ్గా, వాళ్ళ అమ్మ. నిలబడి ఉంది.

మర్నాడు పొద్దున అతను గడ్డం గీసుకుంటుంటే తువ్వాలు పట్టుకుని నిలబడి చెప్పింది. "ఆ సినిమాలో వాళ్ళమ్మ ఒక్కసారి కూడా కూర్చోలేదండీ. గమనించారా? ఇల్లు కూలిపోతున్నా పనిచేస్తూనే ఉంది. ఆ చప్పుడు ఆగలేదు. అన్నదమ్ములిద్దరికీ అది వినపడలేదు. అదే అసలు కథేమో అనిపించింది నాకు."

అతను అద్దంలోనే నవ్వాడు. "అంత ఫైటింగ్ ఉంటే నీకు గిన్నెలే కనపడ్డాయా? సరిపోయింది. తువ్వాలియ్యి."

అంతే. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది అనుకుని ఊరుకుంది. కానీ అతను చెవిటివాడు కాదని మరుసటి రోజు సాయంత్రం తెలిసింది. అతని ఆఫీసు వాళ్ళకి ఫోనులో ఒక గ్రూపు ఉంది. చూసిన సినిమాల మీద అభిప్రాయాలు అందులో గొంతు రికార్డు చేసి పంపుకుంటారు. హాల్లో అటూ ఇటూ నడుస్తూ ఫోను నోటి దగ్గర పెట్టుకుని అతను చెబుతున్నాడు. "అందరూ ఫైట్ల గురించే మాట్లాడుతున్నారు గానీ, ఒకటి గమనించారా? అందులో తల్లి ఒక్కసారి కూడా కూర్చోదు. ఆ గిన్నెల చప్పుడు ఆగదు. కొడుకులిద్దరికీ అది వినపడదు. నా దృష్టిలో అసలు కథ అదే."

పాప బట్టలు మడతపెడుతున్న ఆమె చేతులు ఆగిపోయాయి. ముందు, వెర్రిగా, సంతోషమే వేసింది. విన్నాడు కదా అని. ఆ తర్వాత ఆ "నా దృష్టిలో" అన్నది ఎక్కడో కడుపులో దిగబడింది. ఎదురింటావిడ ఎవరి నగో పెట్టుకుని పెళ్ళికెళ్ళిందని అత్తగారు మొన్ననే అంది, సొమ్మొకడిది సోకొకడిది అని. నగ అయితే అడిగి వెనక్కి తీసుకోవచ్చు. మాటని ఎలా అడుగుతారు? ఎవరైనా నవ్విపోరూ, గిన్నెల గురించి ఒక మాట పోయిందని ఏడుస్తోందని?

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, అత్తగారు కునుకు తీస్తుండగా, పాప రొమ్ము మీదే నిద్రపోయింది. కదిలితే లేస్తుంది. చేతికందిన ఫోనులో ఆ సినిమా పెట్టి, సౌండు వినీ వినపడనంతగా తగ్గించి, ఎప్పుడూ చూడనిది, ముగింపు చూసింది. అన్నదమ్ములు కలిసిపోయారు, నిజమే. అందరూ బల్ల చుట్టూ భోజనానికి కూర్చుంటారు. తండ్రి నవ్వుతాడు. వాళ్ళ వెనక, మసగ్గా, అమ్మ ఒక కుర్చీ లాగుతుంది. కుర్చీ వీపు మీద చెయ్యి వేసి ఒక్క క్షణం నిలబడుతుంది. ఇటునుంచి ఎవరో నీళ్ళు అంటారు. ఆమె వెళ్ళిపోతుంది. ఖాళీ కుర్చీ మీద తెర చీకటి పడుతుంది.

ఆమె కన్నీళ్ళు పాప మాడు మీద పడ్డాయి. జలుబు చేస్తుందేమోనని కంగారుగా కొంగుతో అద్దింది. ఎవరికైనా చెప్పాలి. అమ్మ ఉంటే అమ్మకి చెప్పేది. ఆ బెంచీ చుట్టూ మూగిన పిల్లలు ఇప్పుడు ఎక్కడెక్కడున్నారో. సాయంత్రం అతను చెప్పులు విప్పుతుండగానే "ఏమండీ, ఆ సినిమా చివర్లో" అని మొదలుపెట్టి, చటుక్కున నోరు మూసుకుంది. "ఏంటి?" అన్నాడు. "ఏం లేదు, టీ పెట్టనా?" అంది. ఇన్నాళ్ళకి తనదంటూ ఒకటి మిగిలింది. దాన్ని పాపని దాచుకున్నట్టే దాచుకుంది.

మరుసటి ఆదివారం అతని ఆఫీసువాళ్ళు వచ్చారు. పొడుగ్గా ఉండే క్యాషియరు, కొత్తగా చేరిన ఒకావిడ. ఇద్దరూ వస్తూనే ఆ సినిమా ఎత్తారు. మీ మాట విన్నాక మళ్ళీ చూద్దామనిపించిందండీ అన్నాడు క్యాషియరు. ఎలా పట్టుకున్నారు, మగవాళ్ళకి అది తట్టడమే గొప్ప అంది కొత్తావిడ. అతను కుర్చీలో వెనక్కి వాలాడు. "సినిమాని కళ్ళతో చూస్తే సరిపోదండీ. మనసు పెట్టి చూడాలి."

ఆమె టీ ట్రే పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"మరి చివర్లో?" అంది కొత్తావిడ. "ఆ భోజనాల సీన్లో కూడా కూర్చోదా ఆవిడ? నాకు గుర్తు రావట్లేదు."

అతను నోరు తెరిచాడు. గొంతు సవరించుకున్నాడు. "చివర్లో అంటే..." అని, తల తిప్పి ఆమె వైపు చూశాడు. పెళ్ళయ్యాక అతను ఏదైనా తెలియక ఆమె వైపు చూడటం అదే మొదటిసారి. ఉప్పు డబ్బా ఎక్కడుందో అడిగే చూపు కాదది. అందించు అన్న చూపు. అందించడం ఆమెకి అలవాటే. టీ అందించినట్టు ఒక్క మాట అందిస్తే చాలు, ఆయన చెప్పుకుంటాడు, అందరూ బాగుంటారు.

"అమ్మాయ్, టీ చల్లారిపోతోంది" అంది అత్తగారు లోపల్నుంచి.

ఆమె వచ్చి ట్రే బల్ల మీద పెట్టింది. గోడవారనున్న కుర్చీ లాగింది. నేల మీద అది చేసిన చప్పుడు ఇల్లంతా వినపడిందనిపించింది ఆమెకి.

"చివర్లో కుర్చీ లాగుతుందండీ, ఇలాగే" అంది. "కానీ కూర్చోదు. ఎవరో నీళ్ళడుగుతారు. ఆ కుర్చీ ఖాళీగానే ఉండిపోతుంది. నాకు మాత్రం అక్కడ కోపమొచ్చింది. ఎందుకంటే..."

కూర్చుంది.

క్యాషియరు అతని వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, ఏదో లెక్క ఇప్పుడే సరిపడినట్టు కప్పులోకి చూసుకున్నాడు. కొత్తావిడ కప్పు కింద పెట్టి ముందుకు ఒంగింది.

"ఊ, ఎందుకంటే?"

సరిగ్గా అప్పుడే పడకగదిలో పాప ఏడుపందుకుంది. ఆమె ఒళ్ళు దానంతటదే సగం లేచింది. రవిక తడిసింది. పాపకేమైనా అయిందేమో, దొర్లి మంచం అంచుకొచ్చిందేమో, రోజూ వచ్చే భయాలన్నీ ఒక్కసారి చుట్టుముట్టాయి. చెవి పెట్టి వింది. ఆకలి ఏడుపు కాదు. భయపడిన ఏడుపూ కాదు. తడిసిన ఏడుపు. ఆ తేడా ఈ ఇంట్లో ఆమె ఒక్కదానికే తెలుసు.

"పాప లేచింది" అన్నాడు అతను, కాస్త గట్టిగా, ఒడ్డు దొరికినవాడిలా. "నువ్వెళ్ళి చూడు."

ఆమె మళ్ళీ కూర్చుంది. రెండు చేతులతో కుర్చీ అంచు గట్టిగా పట్టుకుంది.

"ఇప్పుడే తాగిందండీ, పక్క తడిపి ఉంటుంది. మార్చే బట్టలు మంచం మీదే ఉన్నాయి. మీరెళ్ళి చూడండి. ఇక్కడ ఏం మాట్లాడుకున్నామో తర్వాత నేను చెప్తాలెండి."