అమ్మ నంబరు

నా నోరు మంచిది కాదు. మా ఊళ్ళో ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు, నాగజ్యోతి అంటే నోరున్న మనిషని. మొగుడు వదిలేసి పోయాక చినుకు పడితేగాని పండని ఆ పొదిలి పక్క చేలల్లో పిల్లనీ తల్లినీ సాకినదానికి మాట మెత్తగా ఎట్లా వస్తుంది? అరిస్తేగాని మా ఇంట్లో పని జరగదు. ఆ అరుపే ఒకరోజు నాకు అడ్డం తిరుగుతుందని నేనేమన్నా కలగన్నానా!

ఏటా చలి తగ్గగానే మా కూలీల ముఠాతో కలిసి సత్తెనపల్లి వైపు మిరప కోతలకి వస్తాను. చేల పక్కన టార్పాలిన్ పట్టాలు కట్టుకుని ఎండలు ముదిరేదాకా అక్కడే ఉంటాం. నా కూతురు రచన ఒకటో తరగతి. దాన్ని మా అమ్మ దగ్గర వదిలి వస్తాను. మా అమ్మ వెంకటరావమ్మకి చెవులు వినపడవు, అందుకని ఇంట్లో ఉన్న పాత ఫోను పెత్తనమంతా రచనదే. దానికి చదవడం ఇంకా సరిగ్గా రాదు. నా ఫొటో కనిపిస్తే పచ్చ బొత్తాం నొక్కుతుంది, అంతే. కోతలున్నన్నాళ్ళూ నేను దానికి ఫోనులోనే అమ్మని.

నాకూ రాత అంతంతమాత్రం. మెసేజీ అంటే వాట్సాప్‌లో మైకు నొక్కి మాట్లాడి పంపడమే. అన్నం తిన్నావా, తల దువ్వించుకున్నావా, అమ్మమ్మని సతాయించావంటే వచ్చి వీపు చీరేస్తాను. రోజూ ఇవే మాటలు. నా గొంతూ, పిల్ల గొంతూ అన్నీ ఆ ఫోనులోనే పడి ఉండేవి.

లాక్ లేకుండా ఫోను వాడొద్దని సత్తెనపల్లిలో సెల్ షాపు మాలిక్ మొదట్లోనే చెప్పాడు, వేలిముద్ర లాక్ పెట్టి మరీ ఇచ్చాడు. మిరపకాయలు కోసే చేతులకి వేలిముద్ర ఎక్కడుంటుంది? తొడిమలు తుంచీ తుంచీ వేళ్ళ మీద తోలు లేచిపోతుంది. ఎంత రుద్దినా తెరుచుకోదు. పోనీ అంకెలు పెడతానన్నాడు. పిల్లకి రెండు ముక్కలు పంపడానికి ఈ తతంగమంతా ఎందుకని అసలు లాకే తీసేయించాను. మా ముఠాలో ఆడవాళ్ళందరి ఫోన్లూ అంతే.

ఇంకొకటి, కోతకి దిగే ముందు ఫోన్లన్నీ ఒక యూరియా సంచిలో వేసి గట్టు మీద తుమ్మచెట్టుకి తగిలించడం మా మేస్త్రి వీరాంజనేయులు పెట్టిన పద్ధతి. కారం చేతులతో ఫోను పట్టుకుంటే చెవీ మొహమూ మండిపోతాయి, పైగా కబుర్లలో పడితే పని సాగదు. అందరి కళ్ళముందూ వేలాడే సంచిని ఎవడెత్తుకుపోతాడని ఆయన ధీమా. మా ధీమా కూడా అదే.

ఆ రోజు మధ్యాహ్నం అన్నాలకి గట్టెక్కి చూస్తే సంచి వేలాడుతూనే ఉంది, మూతి కట్టు కట్టినట్టే ఉంది. అందరి ఫోన్లూ ఉన్నాయి. నాదొక్కటే లేదు. పగిలిన తెర మీద టేపు వేసిన ఫోనది. మా ముఠాలో కరీమున్‌కి వాళ్ళ అబ్బాయి కొనిచ్చిన కొత్త ఫోను దాని పక్కనే తళతళలాడుతుంటే, దాన్ని వదిలేసి నా బొచ్చె ఫోను ఎవడికి కావలసి వచ్చింది? ఒళ్ళు మండి ముఠా మొత్తాన్ని కడిగేశాను. కరీమున్ నోరు తెరుచుకుని నన్నే చూసింది.

"నువ్వే కదే ఇందాక వెళ్ళి సంచి విప్పావు? పిల్లకి ఫోను చేసుకుంటున్నావేమో అనుకున్నా," అంది.

నేను సాలులోంచి కదిలితే ఒట్టు. కరీమున్ చూసింది వీపే. చీర మీద మగాళ్ళ చొక్కా, తలకి కండువా. ఎండలో కోతకి దిగిన ఆడదాని వాలకం ఎవరిదైనా అదేగా, ఎవరినో చూసి నేననుకుందని సర్దిచెప్పుకున్నాను. కానీ మా ముఠాలో ఎవరూ సాలు వదిలి పోలేదు. చుట్టూ కనుచూపుమేరా చేలే, ఒక్క పిట్ట మనిషి కూడా కనబడలేదు.

కరీమున్ ఫోనుతో నా నంబరుకి చేశాను. మోగింది, ఎత్తారు కూడా. హలో అంటే పలకలేదు. కల్లం మీద కాకుల గోల వినపడింది, ఆ వెనకే ఎవరో ఊపిరి తీసుకుంటున్నారు. నేను తిట్టిన తిట్లకి ఇంకొకరైతే పెట్టేసేవాళ్ళు. అవతల మాత్రం నేను అలిసిపోయేదాకా విన్నారు.

సాయంత్రం సత్తెనపల్లి పరుగెత్తాను. మాలిక్ బ్యాంకుకి ఫోను చేసి డబ్బులు పోకుండా ఆపించాడు. సిమ్ ఇప్పుడే బ్లాక్ చేయించమన్నాడు, స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి ఫోను పెట్టె మీద ఉండే నంబరుతో ఫోనే పనిచేయకుండా చేయించుకోమన్నాడు. పెట్టె ఊళ్ళో అటక మీద ఉంది. కాగితమైతే రాయించి ఇచ్చాను. సిమ్ దగ్గరే వచ్చింది చిక్కు. అదే నంబరు మళ్ళీ కావాలంటే మిషన్ మీద వేలు పెట్టాలి. ఏ వేలు పెట్టినా ఎర్రలైటే వెలిగింది. సిమ్ కంపెనీ కౌంటరులో అమ్మాయి మొహమాటపడుతూ, ఆధార్‌లో ఉన్నది మీరు కాదంటోందండీ అంది. నేను కాకపోతే మీ అమ్మా అని గయ్యిమన్నాను. కోతలాపి, చేతులు నయమయ్యాక రమ్మంది.

వీరాంజనేయులేమో సిమ్ జోలికే పోవద్దన్నాడు. ఆపితే వాడు తీసి పారేస్తాడు, మోగనిస్తే విసిగిపోయి తెచ్చి ఇస్తాడట. నాకూ అదే నచ్చింది. ఆ నంబరు ఆగిపోతే పిల్లకి నా ఫొటో కనబడదు, కొత్త నంబరు దానికి తెలియదు. రెండ్రోజులు చూద్దాంలే అనుకున్నాను. ఆగిన ఆ ఒక్క రోజే నా కొంప ముంచింది.

మర్నాడు కరీమున్ ఫోను నుంచి ఇంటికి చేశాను. నా గొంతు వినగానే రచన విసుక్కుంది. ఇందాకేగా చేశావు, మళ్ళీ ఏంటి అంది. ఎవరే చేసింది అంటే, నువ్వే, కుందేలు కథ చెప్పావుగా, నాకు జ్వరమని రాత్రి కూడా చేశావుగా అంది. దానికి జ్వరమొచ్చిన సంగతే నాకు తెలియదు. నేనేనాడూ దానికి కథ చెప్పి ఎరగను.

అప్పటికప్పుడు నా నంబరుకి చేశాను. ఎత్తారు. నా పిల్లతో మాట్లాడటానికి నువ్వెవతివే అని మొదలుపెట్టి నోటికొచ్చినట్టు తిట్టాను. స్పీకరు పెట్టి ఉంది, కరీమున్ పక్కనే ఉంది. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు అవతల నుంచి ఒక ఆడగొంతు మెల్లగా పలికింది.

"పాపకి జ్వరం తగ్గింది. నువ్వు అరవకు."

అది నా గొంతు. ఎన్ని మెసేజీలు పంపి మళ్ళీ విని ఉంటాను, నా గొంతు నాకు తెలియదా? కాకపోతే నేనెప్పుడూ అంత నిదానంగా మాట్లాడలేదు. కరీమున్ ఫోను నా చేతిలోంచి లాక్కుని ఆపేసి, చేతులు కొంగుకి తుడుచుకుంది.

నాకు అర్థమైందొకటే. ఎవరో ఆ ఫోను తెరిచి మా మాటలన్నీ కూర్చుని విన్నారు. నేర్చుకున్నారు. ఇక పిల్లకి అమ్మంటే ఆ ఫోను ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే. ఆ గొంతు ఎక్కడికి రమ్మంటే అక్కడికి పోతుంది నా బిడ్డ. మాలిక్ కాళ్ళావేళ్ళా పడి ఆ గంటలోనే సిమ్ ఆపించాను. నా నంబరుకి చేస్తే స్విచాఫ్ అని వచ్చింది. హమ్మయ్య అనుకుని ఆ పూట అన్నం తిన్నాను.

ఆ మర్నాడు ఇంటికి చేస్తే రచన ఎత్తింది. "నువ్వు అమ్మవి కాదు. వేరే నంబరు నుంచి ఎవరో నీలాగే మాట్లాడతారు, నమ్మొద్దని అమ్మ చెప్పింది," అని పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

మాలిక్ తల పట్టుకున్నాడు. సిమ్ ఆగినా వాట్సాప్ ఆగదట, వైఫై తగిలిన చోటల్లా నా ఫొటోతోనే పలుకుతుందట. దాన్ని ఊడబీకాలంటే అదే నంబరు వేరే ఫోనులో ఎక్కించాలి, దానికి కొత్త సిమ్ కావాలి, సిమ్‌కి నా వేలు కావాలి. కంపెనీ వాళ్ళకి రాసి పెట్టాడు, వాళ్ళు ఆపేదాకా ఆగాలన్నాడు. నేనే నేను కాదనే లోకంలో ఎంతకాలం ఆగను?

ఊళ్ళో మా పక్కింటి సుబ్బలక్ష్మికి చేశాను. పిల్లని ఒకసారి చూడు వదినా అన్నాను. ఆవిడ నవ్వింది.

"పిల్లకేం, అరుగు మీద కూర్చుని నీతోనే మాట్లాడుతోందిగా. అయినా నీ గొంతుతో దొంగ ఫోన్లొస్తున్నాయని నిన్న నువ్వేగా నాకు చెప్పింది? నువ్వు ఆ మనిషివేనా?" అంది. గొంతులో అప్పుడే అనుమానం దూరింది. నేను ఏడుస్తూ వినవే అంటుంటే, ఆదివారం వచ్చి పిల్లని తీసుకుపోతానని నాగజ్యోతే చెప్పింది, పిల్ల బట్టలు కూడా సర్దుకుంది, నువ్వెవరో గాని ఇంకోసారి చేయకు అని పెట్టేసింది.

తెల్లారితే ఆదివారం. కోతలూ వద్దు కూలీ వద్దు అని, కట్టుకున్న చీరతో తొలి బస్సెక్కాను. బస్సులు మారుతుంటే దారంతా ఎర్రటి కల్లాలు, వాటి మీద వంగి కాయలు తిరగేస్తున్న ఆడవాళ్ళు. అందరూ అవే చొక్కాలు, అవే కండువాలు. ఎవరి మొహమూ కనబడలేదు. ఏ కల్లం మీద నుంచో ఒకామె నడుమెత్తి బస్సు వైపు చూస్తే చటుక్కున కిటికీ మూసేశాను.

ఇల్లు చేరేసరికి నడినెత్తిన ఎండ. వీధిలో పురుగు లేదు. మా అమ్మ మేకలు తోలుకుపోయినట్టుంది, దొడ్డి ఖాళీగా ఉంది. సుబ్బలక్ష్మి ఇంటికి తాళం. మా తలుపు మాత్రం లోపల గడియ వేసి ఉంది. బిడ్డ ఇంట్లోనే ఉందని ప్రాణం లేచొచ్చింది. తలుపు బాదాను. ఒసేయ్ రచనా, తలుపు తియ్యవే, నేనే అని అరిచాను. కిటికీ సందులోంచి చెవి పెడితే పిల్ల గుసగుస వినపడింది.

"వచ్చిందమ్మా. నువ్వు చెప్పినట్టే అరుస్తోంది."

అరవకూడదనుకున్నాను. నా జన్మలో మొదటిసారి గొంతు తగ్గించాను. కిటికీకి మొహం ఆనించి, నా బంగారు తల్లివి కదూ, ఎండలో పడి నీకోసం వచ్చానమ్మా, గడియ తీయి తల్లీ అని బతిమాలాను. ఆ మాటలు నా నోటికి అలవాటు లేక తడబడ్డాయి.

"అమ్మా, ఇప్పుడు అచ్చం నీలాగే మాట్లాడుతోంది," అంది రచన.

ఇంకేం చెప్పను? ఏ గొంతుతో చెప్పను? గడప మీద కూలబడి ఏడ్చాను. లోపల ఫోనులోంచి ఏదో మెల్లగా వినపడింది, మాటలు తెలియలేదు. పిల్ల ఊఁ కొట్టింది, సరే అంది. చిన్న అడుగులు కుండ దగ్గరికి పోయి, తలుపు దగ్గరికి వచ్చాయి. గడియ తీసింది.

బడిసంచి నిండా బట్టలు కుక్కి భుజాన వేసుకుంది. రెండు జడలూ చక్కగా వేసి ఉన్నాయి. ఒక చేత్తో ఫోను చెవికి ఆనించుకుని, ఇంకో చేత్తో మంచినీళ్ళ గ్లాసు నా వైపు చాపింది, కొత్తవాళ్ళకి ఇచ్చినట్టు.

"అమ్మ తీయమంది. ఏడుస్తున్నావు కదా, నీకు నీళ్ళిచ్చి రమ్మంది. వీధి చివర ఉందంట," అంది.

వీధి చివరకి చూసే ధైర్యం నాకు లేకపోయింది. గ్లాసు తోసేసి పిల్లని రెండు చేతులా వాటేసుకున్నాను. అది గింజుకుంటూ, అమ్మా అమ్మా అని గొంతు చించుకుని అరిచింది, ఫోనులోకి.